నిమ్మళమైన ఒడ్డు

శుక్రవారం తెల్లవారుజామున ఐదు గంటలకు కొమురయ్య తను నడిపే ఎనిమిది సాంచెలనూ, అంటే మరమగ్గాలనూ, ఒకదాని తర్వాత ఒకటి ఆపాడు. ఎడమవైపు నాలుగు, కుడివైపు నాలుగు. వాటి మధ్య సందు అతని భుజాలకంటే జానెడు ఎక్కువ వెడల్పు ఉంటుంది. ఆ సందులో అటు కొసకు నడిచి, తిరిగి, ఇటు కొసకు నడవడమే ముప్పై ఎనిమిదేళ్ళుగా అతని పని. పోగు తెగితే అతకాలి. నాడెలో కండె అయిపోతే మార్చాలి. పన్నెండు గంటల పాళీలో అతను కూర్చునేది రెండేసార్లు, అన్నం తినేటప్పుడూ చాయ్ తాగేటప్పుడూ. ఆ కూర్చున్న కాసేపూ కాళ్ళు కదుపుతూనే ఉంటాడు.

చివరి సాంచె ఆగేసరికి షెడ్డులో మిగతావాళ్ళవి కూడా ఆగిపోయాయి. పక్క షెడ్డు ఆగింది, దాని పక్కది ఆగింది. వారానికొకసారి, బొంబాయి పక్క భివండీలో, శాంతి నగర్ గల్లీలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకునే గడియ అది. మిగతావాళ్ళు ఒళ్ళు విరుచుకుని, బీడీలు ముట్టించుకుని, నవ్వుకుంటూ బయటికి పోతున్నారు. కొమురయ్య మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుని ఒక్క క్షణం గోడకు ఆనుకున్నాడు.

మొదలైంది. సాంచెలు ఆగిన మరుక్షణమే ఆ గుయ్‌మనే మోత మొదలవుతుంది. బయటినుంచి వచ్చేదైతే చెవులు మూసుకుంటే పోవాలి. ఇది లోపలిది. సన్నగా, తెంపు లేకుండా, నుదుటి వెనక ఎవరో ఇనుప తీగను లాగుతూనే ఉన్నట్టు ఉంటుంది. సాంచెలు ఆడుతున్నంతసేపూ వినపడదు. అందుకే ఈ నాలుగైదేళ్ళుగా అతనికి పనిలో ఉంటేనే నిమ్మళం, సెలవొస్తే కష్టం.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. మెడ ఎముకలు బయటికి తేలిన సన్నటి మనిషి. పిక్కలు మాత్రం ముడేసిన తాడులా గట్టిగా ఉంటాయి. కనుబొమల మీద, చెవుల్లో, మీసం చివర్లలో దూది నుసి తెల్లగా పట్టి ఉంటుంది. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నాడె తగిలి రెండుగా చీలిపోయి, అట్లాగే పెరుగుతోంది. నల్లా కింద తలపెట్టి, ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని గల్లీ మొగదలకు వచ్చేసరికి యమునాబాయి అప్పటికే ప్లాస్టిక్ వైరు బుట్టతో నిలబడి ఉంది.

ఆమె దగ్గుతోంది. పొద్దున్నే ఆమె అట్లాగే దగ్గుతుంది. ఒక చేత్తో కరెంటు స్తంభం పట్టుకుని, నడుం వంచి, లోపలినుంచి ఏదో తవ్వి తీస్తున్నట్టు. కొమురయ్య ఆ దగ్గు అయ్యేదాకా ఆగాడు. రోడ్డు మీద ఆటో కోసం చూస్తున్నాడు కాబట్టి ఆగాడని కూడా చెప్పవచ్చు.

"గియ్యాల ఏ సముద్రమయ్యా?" అని అడిగింది ఆమె. నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి అడిగింది. ఆమె మాటలు అతను వినేది తక్కువ, పెదవులు చూసి పోల్చుకునేది ఎక్కువ.

"బండల సముద్రం," అన్నాడు అతను.

*

పన్వేల్ దాకా ఒక బస్సు, అక్కడినుంచి మురుడ్ వైపు పోయే ఇంకో బస్సు. సీట్లో కూర్చున్నా కొమురయ్య మోకాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. యమునాబాయి తన బుట్ట తీసి అతని మోకాళ్ళ మీద పెట్టింది. బరువుంటే కాస్త ఆగుతాయని ఆమెకు తెలుసు.

ఇది ఆరో శుక్రవారం. నెలన్నర కిందట నార్పోలిలో, వాళ్ళు ఉండే వరస గదుల చాలీ పక్క మైదానంలో, మందుల శిబిరం పెట్టారు. చెవులు చూసే టేబుల్ దగ్గర ఒక పడుచు పిల్ల కొమురయ్య చెవులకు గొట్టాలు తగిలించి, చప్పుళ్ళు వినిపించి, కాగితం మీద గీతలు గీసింది. కుడిచెవి సగం పోయిందనీ, ఎడమది ఇంకా ఎక్కువ పోయిందనీ, పోయింది తిరిగి రాదనీ హిందీలో చెప్పింది. తర్వాత, "రాత్రి పడుకుంటే చెవుల్లో ఏమైనా మోగుతుందా చాచా?" అని అడిగింది. అంతవరకు ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. అతను ఎవరికీ చెప్పనూ లేదు. తల ఊపాడు. ఆ పిల్ల తన ఫోన్‌లో ఏదో వెతికి, గొట్టాలు మళ్ళీ అతని చెవులకు పెట్టింది. ఏదో పెద్ద గాలిలాంటిది వచ్చి, విరిగి, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. లోపలి తీగ చప్పుడు దానికింద ఎక్కడో మునిగిపోయింది. కొమురయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది ఏందమ్మా?"

"సముద్రం చాచా. ఇట్లాంటి చప్పుడు వింటూ ఉంటే కొందరికి నయంగా ఉంటుంది."

ఇరవై ఒకటో ఏట సిరిసిల్ల పక్క పల్లెనుంచి మేనమామ వెంట వచ్చినవాడు, ఇన్నేళ్ళలో సముద్రం చూసింది రెండుసార్లు. రెండూ బొంబాయి చౌపాటీలోనే. అప్పుడు సముద్రం కంటే మనుషులే ఎక్కువ కనబడ్డారు. శిబిరం అయిన మరుసటి శుక్రవారమే యమునాబాయిని తీసుకుని అర్నాలా పోయాడు. అక్కడ ఏదో జాతర, జనం. తర్వాతి వారం కేళవే. గుర్రబ్బండ్ల మువ్వలు. ఉత్తన్‌లో పడవల ఇంజన్లు. కిహీంలో ఒక బడి పిల్లలంతా విహారానికి వచ్చి, పెద్ద పెట్టెలో పాటలు పెట్టి ఎగిరారు. ఐదోది ఏదో అతనికే గుర్తులేదు. దిగీ దిగగానే "ఇది గాదు" అని తిరుగు బస్సెక్కాడు. ఆ రోజు యమునాబాయికి కోపం వచ్చింది.

"సముద్రం సముద్రమే గదనయ్యా. పిల్లగానికి సంబంధం సూశినట్టు గిన్ని జాగలు తిరుగుతవేంది?"

షెడ్డులో వాళ్ళు అతన్ని సముద్రాల కొమురయ్య అనడం మొదలుపెట్టారు. అతను పట్టించుకోలేదు. చాలీలో కింది గదిలో ఉండే సాల్మన్‌ను పట్టుకున్నాడు. సాల్మన్ మాన్కోలి గోదాముల నుంచి కొంకణ్ ఊళ్ళకు టెంపోలో సరుకు తోలుతాడు. ఆదివారం చర్చికి పోయే ముందు, జుట్టుకు నూనె రాసుకుంటున్న సాల్మన్ ముందు గొంతుక్కూర్చుని, తనకు ఎట్లాంటి ఒడ్డు కావాలో చెప్పాడు కొమురయ్య. జనం ఉండొద్దు. బండ్లు ఉండొద్దు. పాటలు ఉండొద్దు. పడవలు కూడా వద్దు.

"కాకా, నీకు సముద్రం గావాల్నా, నిశ్శబ్దం గావాల్నా? ఏదో ఒకటి జెప్పు," అన్నాడు సాల్మన్.

"రెండు గావాలె."

సాల్మన్ నవ్వి, కాసేపు ఆలోచించాడు. మురుడ్ దాటినాక ఒక ఊరుంది, పాఖాడి అంటారు, పది పదిహేను ఇళ్ళు అన్నాడు. "గక్కడ ఇసుకకంటె బండలే ఎక్కువ. ఈతకు పనికిరాదు. గాలి గూడ శాన కొడతది, టోపీ నిలువది. గందుకే ఎవడు రాడు. శని, ఆదివారాలు నలుగురైదుగురు వస్తరేమో. శుక్రారమైతే కాకులు గూడ ఉండయ్."

*

పదకొండున్నరకు బస్సు వాళ్ళను రోడ్డు మీద దింపి పోయింది. దిగువకు ఎర్రరాతి మెట్ల బాట. అటూ ఇటూ సరుగుడు చెట్లు సగానికి వంగి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒకే వైపు నుంచి గాలి తోస్తే చెట్లు అట్లా పెరుగుతాయని వాటిని చూస్తేనే అర్థమవుతుంది. బాట చివర రేకుల వసారా ఉన్న ఇల్లొకటి. దాని ముందు రెండు బల్లలు. మరాఠీ తీరున గోచీ పోసి చీర కట్టిన ఒక ముసలామె గడపలో కూర్చుని చేప పొలుసు గీస్తోంది. భోజనం దొరుకుతుందా అని యమునాబాయి మరాఠీలో అడిగింది. దొరుకుతుంది, కానీ వండాలి, రెండు గంటలకు రండి అంది ఆమె. పేరు హౌసాబాయి అని కూడా ఆమే చెప్పింది. తాగడానికి నీళ్ళిచ్చింది.

కొమురయ్య నీళ్ళు సగం తాగి సగం ఒలకబోసుకుని, అప్పటికే కిందికి నడుస్తున్నాడు.

ఒడ్డంటే నిజంగా ఒడ్డు కాదు. నల్లటి బండలు, తేనెపట్టులాగా తూట్లు పడ్డవి, నీళ్ళలోకి మెట్లు మెట్లుగా దిగిపోయాయి. వాటి మధ్య షెడ్డంత మేర ఇసుక. అలలు దూరంనుంచే లేచి వచ్చి బండలకు కొట్టుకుని, రెండు నిలువుల ఎత్తు తెల్లగా పైకి లేచి, పడిపోతున్నాయి. గాలికి యమునాబాయి చీర చెంగు బుస్సున ఎగిరి ఆమె ముఖానికే చుట్టుకుంది. ఆమె దాన్ని లాక్కుని నడుముకు దోపుకుంది. ఎక్కడా మనిషి లేడు. అడుగుజాడ కూడా లేదు.

కొమురయ్య ఒక బండ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

ముందు కింద ఎక్కడో బరువుగా ఒక దెబ్బ. అది చెవికంటే ముందు కూర్చున్న బండకు తెలుస్తోంది. తర్వాత నీళ్ళు విరిగే చప్పుడు. ఆ తర్వాత గులకరాళ్ళన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ వెనక్కి జారుతున్న చప్పుడు. వీటన్నిటి మీదా ఆగకుండా గాలి. అతను చెవుల్లోపలి మోత కోసం వెతికాడు. లేదు. మళ్ళీ వెతికాడు. పంటి సందులో ఇరుక్కున్నదాన్ని నాలుకతో వెతికినట్టు, భయంభయంగా వెతికాడు. లేదు.

"పోయింది," అన్నాడు గట్టిగా. "యమునా, పోయింది!"

యమునాబాయి కొంచెం దూరంలో ఒక నీటిగుంట ముందు వంగి ఎండ్రకాయను చూస్తోంది. చేయెత్తి ఊపింది. ఆమె నవ్వడం అతనికి కనబడింది. అతని ముఖం కూడా వదులైంది. భుజాలు కిందికి దిగాయి. ఇన్ని శుక్రవారాల తిరుగుడుకు ఫలితం దక్కిందనుకున్నాడు. ఈ సంగతి సాల్మన్‌కు చెప్పాలనుకున్నాడు. సేటుకు చెప్పి వారానికి రెండు రోజులు సెలవు అడగొచ్చా అని కూడా అనుకున్నాడు.

అట్లా పదిహేను నిమిషాలు గడిచి ఉంటాయి.

ముందు కుడికాలు కదిలింది. తర్వాత ఎడమది. అతను రెండు చేతులతో మోకాళ్ళను పట్టుకున్నాడు. ఒక అల వచ్చి కొట్టింది. రెండోది వెంటనే వచ్చింది. మూడోది రావలసినప్పుడు రాలేదు. అతని కుడిచేయి తనంతట తానే ముందుకు లేచింది. సాంచెకు దెబ్బ తప్పితే ఎక్కడో పోగు తెగిందని అర్థం. ఆపాలి. చేయి గాలిలో ఏమీ దొరక్క అట్లాగే నిలబడిపోయింది. అప్పుడు మూడో అల వచ్చింది, ముందటి రెంటికంటే పెద్దది. నాలుగోది మళ్ళీ ఆలస్యం.

ఆ తర్వాత అతను సముద్రాన్ని వినలేకపోయాడు. లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏ రెండు అలలకూ మధ్య ఒకే ఎడం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే తూగుకు అలవాటుపడ్డ ఒళ్ళు ప్రతి అలకూ ముందుగానే బిగుసుకుని, అది రాకపోతే అట్లాగే బిగుసుకుని ఉండిపోతోంది. అతను లేచాడు. ఇసుకలో అటు పది అడుగులు వేసి, తిరిగి, ఇటు పది అడుగులు వేశాడు. కాసేపటికి ఆ ఇసుకలో సన్నటి కాలిబాట పడింది.

ఉత్తరం వైపు ఒక కొండ కొస సముద్రంలోకి పొడుచుకుని ఉంది. దాని అవతల ఇంకో ఒడ్డు ఉండవచ్చు. అక్కడ అలలు ఇంత కలగాపులగంగా రావేమో. కొంచెం లోపలికి ఉంటే గాలి కూడా తగ్గుతుందేమో.

"అవుతలికి పోయి సూశొస్త!" అని అరిచాడు.

యమునాబాయి అప్పటికి ఒక బండ నీడన కాళ్ళు చాపుకుని కూర్చుంది. జన్మంతా కండెలు చుట్టే మిషను ముందు కూర్చున్న మనిషే, కానీ అప్పుడు చేతులు ఆడుతూనే ఉండేవి. ఇప్పుడు రెండు చేతులూ ఒడిలో వెల్లకిలా పడి ఉన్నాయి. పొమ్మన్నట్టు ఒక చేయి కదిపింది.

కొండ కొస దాటడానికి అతనికి అరగంట పట్టింది. అవతలి ఒడ్డు ఇసుకదే. కానీ మధ్యలో చచ్చిన పెద్ద చేప ఒకటి పడి ఉంది, కాకులు మూగి ఉన్నాయి. దాని అవతల ఇంకో కొస కనిపించింది. అదీ దాటాడు. మూడో ఒడ్డు నిజంగా బాగుంది. అర్ధచంద్రంలా వంగి, సరుగుడు చెట్ల కింద చల్లగా ఉంది. అక్కడ కూర్చుంటే గాలి ఇసుకను ఎత్తి సూదుల్లా ముఖానికి కొట్టింది. కళ్ళు నులుముకుని లేచాడు. నాలుగో కొస వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. ఎండ నెత్తిమీదినుంచి జారింది. తిరుగు బస్సు మూడున్నరకు.

వచ్చిన దారినే, వచ్చినదానికంటే వేగంగా తిరిగి నడిచాడు. నడుస్తున్నంతసేపూ ఒళ్ళు బాగుంది. ఆ సంగతి గమనించి తనమీద తనకే చిరాకేసింది.

*

బండ నీడన యమునాబాయి లేదు. హౌసాబాయి ఇంటి ముందు కూడా లేదు. ఇంటి వెనక్కి తిరిగి చూస్తే అక్కడ ఉంది. మట్టిగోడ చాటున, పొయ్యి ముందు, బియ్యప్పిండి రొట్టెలు చేస్తోంది. రెండు అరచేతుల మధ్య తిప్పి తిప్పి తట్టి, పెనం మీద వేస్తోంది. హౌసాబాయి పీటమీద కూర్చుని ఆమెకు ఏదో చెబుతోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. అతన్ని చూసి హౌసాబాయి లేచి, పళ్ళెంలో చేపల కూర, రొట్టెలు, గ్లాసులో కోకం పండ్ల పులుసు పెట్టి ఇచ్చి, తను లోపలికి వెళ్ళిపోయింది.

"ఏడికి పోయినవు గింతసేపు?"

"మూడు ఒడ్లు సూశిన," అన్నాడు నోట్లో ముద్దతో. "మూడోది మంచిగనే ఉన్నది. గాని గాలి. వచ్చే శుక్రారం ఇంక కిందికి పోయి సూద్దాం. శ్రీవర్ధన్ దిక్కు ఉన్నయంట."

యమునాబాయి పెనం మీది రొట్టె తిప్పేసింది. అది పొంగేదాకా చూసి, తీసి, అతని పళ్ళెంలో వేసింది.

"నేను ఈడికి వచ్చినకాడిసంది దగ్గలే," అంది.

కొమురయ్య తలెత్తాడు. ఆమె అతని వైపు తిరిగి లేదు. పొయ్యి వైపు చూస్తూ, అరవకుండా, మామూలుగా చెప్పింది. అయినా ఆ మాట అతనికి వినబడింది. గోడ చాటున గాలి లేదు. సముద్రం దూరంగా దుప్పటి కింద ఉన్నట్టు ఉంది. సాంచెలు లేవు. ఆమె గొంతు అతను అనుకున్నదానికంటే సన్నగా, కొంచెం వణుకుతూ ఉంది. పెళ్ళయి ముప్పై ఐదేళ్ళు. ఇద్దరూ సాంచెల పక్కనే బతికారు, సాంచెలకు గోడ ఆనిన గదిలో పడుకున్నారు. ఆ గొంతు అరవకపోతే ఎట్లా ఉంటుందో అతనికి ఇప్పుడే తెలిసింది.

"బస్సు దిగినకాడినుంచి ఒక్కసారి గూడ దగ్గలే. నువ్వు సూశినవా?"

అతను చూడలేదు.

"గా క్యాంపుల నిన్ను సూశినట్టే నన్ను గూడ సూశిండ్రు. యాదికున్నదా?"

"బిళ్ళలిచ్చిండ్రు గద."

"బిళ్ళలిచ్చి ఒక మాట జెప్పిండ్రు. దూది నుసిల ఉన్నన్ని దినాలు బిళ్ళలు పనిజెయ్యయన్నరు. జాగ మార్చుమన్నరు. గిట్లనే ఉంటె రెండు మూడేండ్లల్ల ఊపిరి అందదన్నరు. నీకు జెప్పిన గద. సాంచెల కాడనే జెప్పిన. నువ్వు తలకాయ ఊపినవు."

వినపడని ప్రతిదానికీ తల ఊపడం కొమురయ్యకు అలవాటు. సేటు ఏమన్నా ఊపుతాడు, పక్క సాంచెవాడు ఏమన్నా ఊపుతాడు. ఆ రోజు ఆమె ఏదో చెప్పిన సంగతి అతనికి గుర్తొచ్చింది. ఉప్పు అయిపోయిందని చెబుతోందనుకున్నాడు. సాయంత్రం ఉప్పు పట్టుకుపోయాడు కూడా. కోకం పులుసు తాగాడు.

"నేను ఈడనే ఉంటనయ్యా," అంది యమునాబాయి.

"ఈడనా?"

"హౌసాబాయికి చేతికింద మనిషి గావాలె. కోడలు కొడుకు దగ్గరికి పూనా పోయిందట. శని, ఆదివారాలు జనం వస్తరట. రొట్టెలు జేసుడు, చేపలు కడుగుడు. పండుకోను ఎనక అర్ర ఇస్తనన్నది. మాట్లాడుకున్నం."

"గియ్యాల్నే వచ్చినవు. గింతల్నే మాట్లాడుకున్నవా?"

"నీతోని ముప్పై అయిదేండ్లు అరిచిన. గామెతోని రెండు గంటలు మాట్లాడిన."

కోపం తెచ్చుకోవాలని చూశాడు కొమురయ్య. లోకం ఏమంటుందన్నాడు. రితేష్ ఏమంటాడన్నాడు. నాగపూర్‌లో కొరియర్ ఆఫీసులో పనిచేసే కొడుకు పేరు ఎత్తితే ఆమె మెత్తబడుతుందని అతని ఆశ.

"రితేష్‌తోని ఇంతకుముందే ఫోన్ల మాట్లాడిన. 'థాంబ్ నా ఆయీ, ఉండిపో, బాపును నేను సముదాయిస్త' అన్నడు."

"మరి నేను?"

ఆమె చేతులు ఆపింది. పిండి అంటిన చేతులతోనే అతని వైపు పూర్తిగా తిరిగింది. ఎండకూ పొయ్యి వేడికీ ఆమె ముఖం కందిపోయి ఉంది. పొద్దున కరెంటు స్తంభం పట్టుకున్న మనిషి ఈమేనా అన్నట్టుంది.

"నువ్వు గూడ ఉండు. కట్టెలు దెస్తవు, నీళ్ళు జేదుతవు. నీ చెవులకు గూడ మంచిది. ఉంటవా?"

ఉంటానని చెప్పడం ఎంత సులువో అతనికి తెలుసు. పళ్ళెం పక్కన అతని కుడిపాదం నేలను తడుతూనే ఉంది, ఒకే తూగున, ఆగకుండా. ఇద్దరూ ఆ పాదం వైపే చూశారు.

"నాకీడ కాలు నిలువది యమునా," అన్నాడు చివరకు. "ఒక్క దినం గూడ నిలువది. సూశిన గద. సావనన్న సస్తగని గా సందుల తిరగకుంట ఉండలేను."

"నాకెరుకే."

"ఎరుక ఉండి ఎందుకడిగినవు మరి?"

"అడగకుంట ఎట్ల? నువ్వైతే అడుగుతవా?"

లోపల హౌసాబాయి గిన్నెలు సర్దుతున్న చప్పుడు. అది కూడా అతనికి వినబడింది.

"ఎన్ని దినాలు?" అన్నాడు.

"ఒక నెల సూద్దాం. దగ్గు మళ్ళ వస్తె నేనే వస్త." రాకపోతే ఏమిటన్నది ఆమె చెప్పలేదు. "శుక్రారం శుక్రారం నువ్వు రా. ఎట్లన్న తిరుగుతనే ఉన్నవు గద. ఇంక జాగలు ఎతుకుడు పనిలేదు."

ఆ మాటకు ఆమే నవ్వింది. అతను నవ్వలేకపోయాడు. కానీ పళ్ళెంలో ఉన్న రొట్టె తీసుకుని చివరి ముక్కదాకా తిన్నాడు, ఆమె చేసిందని.

*

బస్సు కోసం ఇద్దరూ ఎర్రరాతి మెట్లెక్కి రోడ్డు మీదికి వచ్చారు. ఆమె మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆయాసం ఇంకా ఉంది. కానీ దగ్గు రాలేదు. అతను ఈసారి చూస్తూనే ఉన్నాడు. బియ్యం డబ్బా ఎక్కడుందో, పాలవాడికి ఏం చెప్పాలో, తన రెండు చీరలూ బిళ్ళలూ వచ్చే వారం ఏ సంచిలో వేసి తేవాలో ఆమె చెబుతుంటే విన్నాడు. గాలి మాటల్ని ఎత్తుకుపోతోంది. అందనివి ఆమె పెదవుల మీద చదువుకున్నాడు. అవీ అందకపోతే, "మళ్ళ జెప్పు," అన్నాడు. తల ఊపలేదు.

నాసిక్ పోయే ఎర్ర బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. రోజుకు అదొక్కటే నేరుగా భివండీ మీదుగా పోయేది. కొమురయ్య ముందుగా ఎక్కాడు. సీట్లు చాలానే ఖాళీగా ఉన్నాయి. ఎడమవైపు మూడో వరసలో, భుజం మీది తువ్వాల తీసి కిటికీ సీటు మీద పరిచి, పక్క సీట్లో తను కూర్చున్నాడు. ఎప్పుడూ అట్లాగే చేస్తాడు. కిటికీ గాలి లేకపోతే యమునాబాయికి బస్సులో కడుపులో తిప్పుతుంది.

కూర్చున్న తర్వాత గుర్తొచ్చింది.

వంగి కిటికీలోంచి చూశాడు. ఆమె రోడ్డు అంచున నిలబడి ఉంది. చీర చెంగు జెండాలాగా ఒకే వైపుకు ఎగురుతోంది. ఏదో అంది. ఇంజను చప్పుడులో అతనికి అందలేదు. చెవి దగ్గర చేయి పెట్టి మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ అంది. బస్సు కదిలింది. ఆ రెండో మాటు కూడా అందలేదు.

రేవదండా దగ్గర జనం ఎక్కారు. అలీబాగ్‌లో ఇంకా ఎక్కారు. ఒక లావుపాటి మనిషి సీటు వైపు చూపించి, ఎవరన్నా ఉన్నారా అని మరాఠీలో అడిగాడు.

"ఉన్నరు," అన్నాడు కొమురయ్య, తెలుగులో.

ఆ మనిషి ఇటూ అటూ చూసి, ముందుకు పోయి నిలబడ్డాడు. పేణ్ దాటింది. పన్వేల్ దాటింది. పొద్దు గుంకింది. ఇంకో ఇద్దరు అడిగారు. ఇద్దరికీ అదే జవాబు చెప్పాడు. కండక్టర్ ఒకసారి వచ్చి తువ్వాల వైపు, అతని వైపు చూసి, ఏమీ అనకుండా పోయాడు. కొమురయ్య మోకాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. వాటిమీద పెట్టడానికి ఏమీ లేదు.

ఎనిమిది దాటాక, భివండీవాళ్ళు దిగే మాన్కోలి నాకా వచ్చింది. లారీల వరస మధ్యలో బస్సు ఆగీ ఆగకుండా నెమ్మదించింది. దిగేవాళ్ళు దిగండని కండక్టర్ అరుస్తున్నాడు. కొమురయ్య గభాల్న లేచి, జనాన్ని తోసుకుని, ఇంకా కదులుతున్న బస్సులోంచి రోడ్డు మీదికి దూకి, గోదాముల గోడ వెంట పెద్ద పెద్ద అంగలతో నడిచిపోయాడు.

బస్సు నాసిక్ దారి పట్టింది. ఎడమవైపు మూడో వరసలో, కిటికీ సీటు మీద, అంచులు నలగకుండా పరిచిన తువ్వాల గాలికి ఒక మూల లేచి పడుతూ, ఇంకా ఆ సీటును ఎవరికోసమో కాస్తోంది.